ఉమర్ తెల్వకుండ వజన్ లెక్కనా?

ఖమ్మంల ఈమధ్య ఎవరింటికి పోయినా పిల్లగాని ఎత్తు, బరువు ఫోన్ల కొట్టి ‘బీఎంఐ’ చూస్తున్నరు. 18.5 కన్న తక్కువొస్తే అమ్మీజాన్‌కు పరేషానీ, ఎక్కువొస్తే అల్‌హమ్దులిల్లా. అరె భాయ్, ఆ 18.5 పెద్దోళ్ల హద్దు! డబ్ల్యూహెచ్‌వో 2007 చార్టుల పదేళ్ల మగపిల్లగానికి నడిమి అంకె 16.4. వాడు 18.5 దాటితే బరువు ఎక్కువైనట్టు. పెద్దోనికి దుబ్లాతనం చెప్పే నంబరే పిల్లగానికి మోటాపా చెప్తది. అందుకే పిల్లల బీఎంఐ చదవాల్నంటే ముందు ఉమర్ కావాలె, ఆడా మగా తెల్వాలె.

ఖమ్మం సంగతి వదిలేయుండ్రి, అక్కడ చార్టు చూపే డాక్టర్లు గల్లీకొకరున్నరు. నా గుస్సా చర్ల, దుమ్ముగూడెం అడవి అంచు గురించి. 2005ల సల్వాజుడుం మొదలైనంక జాన్ బచాయించుకోని ఛత్తీస్‌గఢ్ దాటొచ్చిన గుత్తికోయలు అక్కడ గూడేలేసుకున్నరు. అడవిల పుట్టిన పిల్లగానికి బర్త్ సర్టిఫికెట్ కాగజ్ ఎక్కడిది? బడిల చేర్చుకునేటప్పుడు మొఖం చూసి అందాజగ జూన్‌ల ఒక తారీఖు రాస్తరు. ఇగ జిందగీ అంతా వాని ఉమర్ అదే.

హిసాబ్ చేద్దాం. ఒక పిల్లగాడు 118 సెంటీమీటర్లు, 23 కిలోలు అనుకోండి. కిలోలను మీటర్ల ఎత్తుతోటి రెండుసార్లు భాగిస్తే 16.5. రిజిస్టర్ల ఆరేళ్లని ఉంటే ఎత్తూ సరే, బీఎంఐ సరే, సెహత్ పూరా. అసల్ ఉమర్ పదేళ్లయితే? అప్పుడు కూడ బీఎంఐ నార్మలే! కానీ పదేళ్లోనికి 137.8 సెంటీమీటర్లు నడిమి ఎత్తు. 125 కన్న తక్కువైతే గిడసబారినట్టు. వీడు 118. ఏండ్ల తరబడి సగం కడుపు తిండి, మాటిమాటికి జ్వరం, విరేచనాలు వాని కద్‌ను తినేసినయి. ఎత్తుతో పాటు బరువూ తగ్గింది గనుక భాగహారం సరిపోయింది, భూక్‌కు గవాహీ మాయమైంది.

ఉమర్ పుచ్చకుండ, ఎత్తును ఉమర్‌తోటి పోల్చకుండ, ఒక్క బీఎంఐ చూసి ‘నార్మల్’ అని దస్తఖత్ పెట్టుడు జుల్మ్. ఉమర్ తెలుసుకునుడు అంత ముష్కిలా? కోయ మాట వచ్చినోళ్లను తోల్కపోయి అమ్మను అడుగుండ్రి: 2022 జులైల భద్రాచలం కాడ గోదావరి 71.3 అడుగులొచ్చినప్పుడు వీడు నీ చంకల ఉండెనా, నీ వెంట నడుస్తుండెనా?