షాహ్‌జాదా వర్దీ మన విరాసత్ కాదు



మొన్న ఖమ్మంలో ఒక వలీమాకు పోయాను. దస్తర్‌ఖాన్ మీద కూర్చున్నాక, పక్కనున్న జవాన్ పోరడు ఫోన్ తీసి ఒక తస్వీర్ చూపించాడు. ఫౌజీ వర్దీ, ఛాతీ నిండా తమ్గాలు, నడుముకు తల్వార్. నిజాం పెద్ద కొడుకు ఆజం జా బహదూర్. "చూడు చాచా, ఒకప్పుడు మనం ఇట్ల ఉంటిమి" అన్నాడు.

"మనం" అనే ఆ ఒక్క మాట ముద్దలో రాయిలా తగిలింది. బేటా, ఆ తస్వీర్‌లో మనం ఎక్కడున్నాం?

ముందు ఆ షాహ్‌జాదా తారీఖ్ చూద్దాం. 1907లో పుట్టాడు. 1931లో ఫ్రాన్సులోని నీస్ షహర్‌లో, ఆఖరి ఉస్మానియా ఖలీఫా అబ్దుల్ మజీద్ బిడ్డ దుర్రె షహ్వార్‌తో నికాహ్ అయింది. 1934లో, ఇరవై ఏడేళ్ళ వయసులో, హైదరాబాద్ రియాసత్ ఫౌజుకు సిపాహ్‌సాలార్ అయ్యాడు. 1936లో 'ప్రిన్స్ ఆఫ్ బేరార్' ఖితాబ్ వచ్చింది. 1947 దాకా ఫౌజు పెద్ద ఆయనే. ఏ జంగ్ గెలిచి ఆ ఓహ్‌దా సంపాదించాడు? ఏదీ లేదు. బాద్‌షా కడుపున పెద్దోడిగా పుట్టాడు, అదే ఆయన ఖాబిలియత్.

యూరప్ రాజ ఖాందాన్లలో ఇది పాత రివాజే. విక్టోరియా రాణికి చిన్నాన్న కొడుకు, డ్యూక్ ఆఫ్ కేంబ్రిడ్జ్, 1856 నుంచి 1895 దాకా ముప్పై తొమ్మిదేళ్ళు అంగ్రేజ్ ఫౌజుకు పెద్ద. ఆయన కనీసం క్రిమియా జంగ్‌లో మైదానానికి పోయినవాడు. అయినా ఫౌజును మార్చుదామన్న ప్రతి మాటకూ అడ్డం పడ్డాడని అంగ్రేజులే రాసుకున్నారు. పుట్టుకతో వచ్చిన కుర్సీ అట్లాంటిదే. అడిగేవాడు ఉండడు, దించేవాడు ఉండడు.

మన దీన్ ఏం నేర్పింది? మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం తమ ఆఖరి దినాలలో ఒక లష్కర్‌కు సర్దార్‌గా ఎవరిని పెట్టారు? ఉసామా బిన్ జైద్‌ను. ఇరవై ఏళ్ళ లోపు కుర్రవాడు, గులామీ నుంచి ఆజాద్ అయిన జైద్ కొడుకు. పెద్ద పెద్ద సహాబాలు ఆయన కింద నడవాలి. కొందరు గొణిగితే, తండ్రీ లాయఖే, కొడుకూ లాయఖే అని రసూలే జవాబిచ్చారు. నసబ్ చూడలేదు, లియాఖత్ చూశారు. మసీదులో ఈ వాఖియా చెప్పుకుంటాం, ఇంటికొచ్చి షాహ్‌జాదా తస్వీర్‌కు సలాం కొడతాం!

ఇక 1948 సంగతి. సెప్టెంబర్ 13న హిందుస్తాన్ ఫౌజు వచ్చింది. 17న నిజాం హార్ మానాడు. మర్నాడు జనరల్ చౌధురి ముందు తల వంచింది ఎల్ ఎద్రూస్, షాహ్‌జాదా కాదు. ఆ తరువాత ఎవరికి ఏమైంది? నిజాం 1950 నుంచి 1956 దాకా రాజ్‌ప్రముఖ్. మహళ్ళు, జవాహరాతు, సర్కారు భరణం అన్నీ సలామత్. షాహ్‌జాదా 1970లో మామూలు మౌత్‌తోనే పోయాడు. 1967లో తఖ్త్ పేరు కూడా ఆయనకు దక్కలేదు, ఆయన కొడుకు ముకర్రం జాకు పోయింది. కన్నతండ్రికే భరోసా లేని సిపాహ్‌సాలార్ మీద మనకెందుకు ఇంత ఫఖర్?

ప్రాణాలు పోయింది గరీబులవి. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, పోలీస్ యాక్షన్ టైములో, ఆ తరువాత చచ్చిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలు అని అంచనా కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ జుల్మ్ జరిగింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయట పెట్టలేదు. రజాకార్ల సర్దార్ ఖాసిం రజ్వీ 1957లో పాకిస్తాన్ పోయాడు. జవాబు చెప్పుకోవడానికి ఇక్కడ మిగిలింది మనం.

మా దాదీ బూర్గంపాడు మనిషి. అప్పట్లో గోదావరే సరిహద్దు. ఇటు నిజాం రాజ్యం, అటు భద్రాచలం అంగ్రేజ్ ఇలాఖా. దాదీ గాజుల మలారం నెత్తిన పెట్టుకుని, పడవెక్కి, రాములోరి కల్యాణానికి వచ్చినవాళ్ళకూ, అడవి గూడేల్లో కోయ ఆడోళ్ళకూ గాజులు తొడిగేది. షాహ్‌జాదా పేరు ఆమెకు తెలియదు. హాలీ సిక్కాకూ, అంగ్రేజ్ కల్దార్‌కూ మారకంలో ఎంత నష్టమో మాత్రం బాగా తెలుసు. 1948లో భయం మా ఊరికీ వచ్చింది. పది దినాలు ఇంటిల్లిపాదినీ దాచింది ఒక కోయ కుటుంబం. దాదీ నుదుట బొట్టు పెట్టుకుని తిరిగింది. నిజాం ఫౌజు మాకు పహరా కాయలేదు. జొన్న గట్క పెట్టి కాపాడింది అడవి.

అట్లాంటి దాదీ మనవణ్ణి నన్ను స్కూల్లో ఒక సారు "నైజామోళ్ళ పిల్లగాడు" అని పిలిచేవాడు. ప్రతి సెప్టెంబర్ 17కు అదే మాట మైకుల్లో మళ్ళీ వినబడుతుంది. ముసల్మాన్ అంటే నిజాం వారసుడని దుష్మన్ అంటాడు. మనం షాహ్‌జాదా తస్వీర్ స్టేటస్ పెట్టుకుని, అవునని దస్తఖత్ చేస్తున్నాం! ఆ ఝూట్‌కు మనమే గవాహీ ఇస్తే ఎట్లా?

"నిజాం ఏ మంచీ చేయలేదా?" అని అడుగుతారు. చేశాడు. ఉస్మానియా యూనివర్సిటీ ఉంది. దుర్రె షహ్వార్ పేరుతో పాతబస్తీలో దవాఖానా ఉంది, దువా చేద్దాం. కాని కట్టిన దవాఖానాకు షుక్రియా చెప్పడం వేరు, వెట్టి చేయించుకున్న హుకూమత్‌ను మా ఖాందాన్ అనడం వేరు.

మన విరాసత్ కావాలా? ఉంది. అప్పటి వరంగల్ జిల్లా సుబ్రవేడులో పుట్టిన షోయబుల్లా ఖాన్, 'ఇమ్రోజ్' ఎడిటర్. రజాకార్ల జుల్మ్ మీద ఖలం ఎత్తినందుకు 1948 ఆగస్టులో చెయ్యి నరికి చంపారు. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి, భూమి కోసం కచేరీల చుట్టూ తిరిగి, ఖతల్ అయిన కామారెడ్డిగూడెం బందగీ. ఖమ్మం నుంచి, సుజాతనగర్ నుంచి శాసనసభకు గెలిచిన కమ్యూనిస్టు మహమ్మద్ రజబ్ అలీ. వీళ్ళ ఛాతీ మీద తమ్గాలు లేవు. అసలు సిపాహీలు వీళ్ళే.

నేను ఆ పోరణ్ణి ఒక్కటే అడిగాను. "షాహ్‌జాదా తాత పేరు తెలుసు, మీ దాదా ఏం పని చేసేవాడో తెలుసా?" తలదించుకున్నాడు. తరువాత ఇంటికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఇల్లెందు బొగ్గు బావిలో తట్ట మోశాడట.

బేటా, ఆ తట్ట మోసిన దాదా తస్వీర్ దొరికితే పెట్టు స్టేటస్. దొరక్కపోతే పేరైనా రాసిపెట్టు. మీరూ ఇవాళ మీ ఇంట్లో నానీనో, దాదీనో కూర్చోబెట్టి అడగండి. వాళ్ళు పోయాక అడగడానికి ఎవరూ ఉండరు.

ఖుదా హాఫిజ్.