నాటుట సులభము, కోయుట విద్య

ప్రతి సంవత్సరము తొలకరి వానలు పడగానే మన ప్రాంతపు బడులలో మొక్కలు నాటు ఉత్సవము జరుగుచుండును. 1950లో కేంద్రమంత్రిగా నుండిన కె. ఎం. మున్షీగారు వనమహోత్సవమును ప్రారంభించిన నాటినుండి ఈ ఆచారము దేశమంతట పాదుకొన్నది. ఆచారము మంచిదే. కాని నాటిన దినమున గుమిగూడిన జనము నీరు పోయు దినమున కానరారు. కాయ కోయు దినమున అసలే కానరారు. నాటుటకు ఒక్క పూట చాలును. కోయుటకు ప్రతిదినము కన్నులు తెరచి చూడవలెను. కావున బడితోటలో గాని, ఇంటి పెరటిలో గాని మన పిల్లలకు ముఖ్యముగా నేర్పవలసినది నాటుట కాదు, కోయుట యని నా అభిప్రాయము.

ఈ విషయమున తెలుగుభాషయే మనకు మంచి గురువు. ఒక కాయ పుట్టుక మొదలు పండువరకు గల అవస్థలకు మన పెద్దలు వేర్వేరు పేర్లు పెట్టినారు: మొగ్గ, పువ్వు, పిందె, లేతకాయ, ముదురుకాయ, దోరకాయ, పండు. ఈ మాటలు నిఘంటువు కొరకు పుట్టినవి కావు. ఏ కూరను ఏ అవస్థయందు కోయవలెనో తెలిసినవారికే ఇన్ని పేర్లతో పనిపడును. పిందెను మన పొరుగువారైన తమిళులు 'పింజు' అందురు. ఈ రెండు భాషలును ఒక్క పెరటిలో పెరిగిన అక్కచెల్లెండ్రని చెప్పుటకు వేరు సాక్ష్యమేల?

బెండను చూడుడు. పూవు విచ్చిన ఐదారు దినములకే కాయ కోతకు వచ్చును. కొన విరిచినచో పుటుక్కున విరుగవలెను; వంగి సాగినచో అది ముదిరినదని తెలియవలెను. దినము విడిచి దినమైనను కోయనిచో నారపట్టి కూరకు పనికిరాదు. వంకాయకు పరీక్ష వేరు. దాని చర్మము నిగనిగలాడుచుండగనే కోయవలెను. మెరుపు తగ్గినదనగా లోపల గింజ ముదురుచున్నదని అర్థము. సొరకాయపై నూగు ఉండి, గోరు సులభముగా దిగినంతవరకు అది లేతదే. బీరకాయ ముదిరినచో వంటింటికి గాక ఒళ్లు రుద్దుకొను పీచుగా స్నానపుగదికి పోవును. టమాట మాత్రము వీనికి భిన్నము. దానిని దోరగా, అనగా అడుగున ఎరుపు జీర తొంగిచూచినప్పుడు కోసినను ఇంటిలో చక్కగా పండును. పక్షులును పురుగులును ఉన్నచోట అదియే మేలైన పద్ధతి. ఇట్లు ఒక్కొక్క కూరకు ఒక్కొక్క గడియ కలదు. ఆ గడియను గుర్తించుటయే విద్య.

వేళకు కోయుటవలన రుచియొక్కటియే లాభము కాదు. మొక్క కాయలు కాయుట మనకొరకు కాదు, తన విత్తనముకొరకు. గింజ ముదిరినచో తన పని నెరవేరినదని కాపు తగ్గించును. లేతగా కోసినచో మరల పూయును. వారమురోజులు కోత మరచిన బెండమొక్కను, దినము విడిచి దినము కోసిన బెండమొక్కను ప్రక్కప్రక్కన చూచిన బాలునకు ఈ సంగతి ఏ పాఠ్యపుస్తకమును చెప్పనంత స్పష్టముగా తెలియును.

ఇక రెండవ లాభము. కోయుటకు పోయినవాడే తెగులును ముందుగా చూచును. గంపతో మొక్కచుట్టు తిరుగువాని కంట ఆకు వెనుకనున్న పురుగు పడును. గట్టుపై నిలిచి చూచువానికి పచ్చదనము తప్ప మరేమియు కానరాదు. తెగులును గుర్తించుటయనగా లక్షణమును బట్టి కారణమును ఊహించి, ఆ ఊహను పరీక్షించుట. విజ్ఞానశాస్త్రమనగా ఇదియే గదా! కొన్ని ఉదాహరణములు చెప్పెదను.

వంగకొమ్మ చివర తలవాల్చినచో నీరు చాలలేదని బిందెలకొలది పోయువారు కలరు. మొక్క యంతయు నిటారుగా నుండి చివరలు మాత్రమే వాలినచో అది నీటికొరత కాదు; కొమ్మను, కాయను తొలుచు పురుగు లోపల చేరినదని తెలియవలెను. వాలిన చివరను అంగుళము క్రిందికి త్రుంచి చీల్చినచో పురుగు కనబడును. త్రుంచినదానిని ఎరువుగుంటలో వేయక నాశనము చేయవలెను. ఈ పురుగును తట్టుకొనుటకే బీటీ వంగను రూపొందించినారు; 2010లో కేంద్రప్రభుత్వము దాని సాగును నిలుపుదల చేసినది. దేశమంతట వాదము రేపిన ఆ పురుగు మన పెరటిలోనే యున్నది. నాలుగు మొక్కల తోటలో దానిని అణచుటకు రెండు కన్నులును, ఒక కత్తెరయు చాలును.

మిరప ఆకు ముడుచుకొనినప్పుడు ఎటు ముడిచినదో చూడవలెను. అంచులు పైకి లేచి దోనెవలె నైనచో తామరపురుగు. క్రిందికి వంగి తిరగవేసిన దోనెవలె నైనచో నల్లి. రెండింటికి మందు ఒక్కటి కాదు. ఈ భేదము తెలియక మందు చల్లువాడు కడుపునొప్పికి కంటిచుక్కలు వేయువానివంటివాడు.

బీర, కాకర, గుమ్మడి తీగలు మొదట పూవులు మాత్రమే పూచి కాయకుండుట చూచి, విత్తనము చెడ్డదని నిందించువారు పెక్కురు. ఆ తీగలకు మగపూవులు, ఆడపూవులు వేరుగా నుండును. మగపూవులు ముందుగా వచ్చుట సహజము. ఆడపూవుక్రింద చిన్న పిందె యుండును, మగపూవుకు ఉత్త కాడయే. పిందె పెరుగక పసుపుబారి రాలినచో పుప్పొడి అందలేదని ఊహించవచ్చును. అప్పుడు మగపూవును కోసి ఆడపూవుకు అద్దవలెను. కాకరకును గుమ్మడికిని తెల్లవారగనే, బీరకును సొరకును సాయంకాలమే ఆ పని చేయవలెను. అవి విచ్చు వేళలు వేరు. పిందెపై సూదిపోటువంటి గాటుండి, కోసినచో పురుగులు కనబడినచో అది పండుఈగ పని. అట్టి కాయలను తీగక్రిందనే పారవేసినచో పురుగు మట్టిలో దిగి ఈగయై మరల లేచును. ఏరి లోతుగా పూడ్చవలెను.

టమాట అడుగున నల్లగా గుంటపడినచో తెగులని భయపడి మందు కొట్టరాదు. అది కాయకు సున్నపుధాతువు అందని లోపము. ఒకనాడు ఎండగట్టి, ఒకనాడు ముంచివేయుటవలన తరచుగా కలుగును. నీరు సమముగా పెట్టుటయే దానికి మందు. పచ్చగానున్న మొక్క ఉన్నట్లుండి వడలినచో కాండమును అడ్డముగా కోసి గాజుగ్లాసు నీటిలో నిలుపుడు. కొంతసేపటికి పాలవంటి తీగ నీటిలోనికి దిగినచో అది సూక్ష్మజీవులవలన కలిగిన ఎండుతెగులు. ఆ మడిలో టమాట, వంగ, మిరప, బంగాళాదుంప వేయరాదు; ఇవి నాలుగును ఒక్క కుటుంబమునకు చెందినవి. ఈ పరీక్షకు ప్రయోగశాల కావలెనా? ఒక గ్లాసు, ఒక చాకు చాలును. మనకు సమీపముననే, బెంగళూరు దగ్గర హెసరఘట్టలోనున్న భారత ఉద్యాన పరిశోధన సంస్థవారు ఈ తెగులును తట్టుకొను 'అర్క రక్షక్' టమాటను, బెండ పల్లాకు తెగులును తట్టుకొను 'అర్క అనామిక' రకమును రూపొందించినారు. ఉన్నత తరగతుల పిల్లలు వానిని గూర్చి తెలిసికొనవలెను.

లక్షణము చూడకయే మందు సీసా తెరచుట మన కాలపు గొప్ప రోగము. కూరగాయలపై మోనోక్రోటోఫాస్ వాడుటను కేంద్రప్రభుత్వము 2005లోనే నిషేధించినది. 2013 జూలైలో బీహారు రాష్ట్రము సారణ్ జిల్లాలోని ఒక బడిలో మధ్యాహ్నభోజనము తిని 23 మంది పిల్లలు మరణించినారు. వంటనూనెలో కలిసినది ఆ మందే. పురుగుమందు సామాన్యవస్తువువలె ఇంటింట, బడిబడిన తిరుగుటవలన వచ్చు ముప్పు ఇట్టిది. పెరటికి వేపగింజలపొడియే మొదటి మందు. లీటరు నీటికి 50 గ్రాముల వేపపప్పు పొడి రాత్రి నానవేసి, ఉదయము వడగట్టి, కొంచెము సబ్బునీరు కలిపి సాయంకాలము చల్లవలెను. రసాయనము చల్లవలసియే వచ్చినచో డబ్బాపై వ్రాసిన గడువు దాటువరకు కాయ కోయరాదు. ఈ ఒక్క నియమము బాలుడు నేర్చి ఇంటికి తీసికొనిపోయినను బడితోట సార్థకమైనట్లే.

కాలజ్ఞానము మరొకటి. మన ప్రాంతమున అనపకాయ లేని పుష్యమాసము లేదు. ఉపాధ్యాయ శిక్షణకై నేను ఆంధ్రప్రదేశమునకు పోయినప్పుడు చిత్తూరు జిల్లాలోను అదే అనపకాయ, అదే పితికిపప్పు. కన్నడ పొరుగువారు దానినే 'అవరె' యందురు. నాటు అనప, పగటికాలము తగ్గినప్పుడుగాని పూయదు. అకాలమున విత్తి, తీగ పందిరినిండ పారినను కాయలేదని ఎరువుపై ఎరువు వేయువారు కలరు. దోషము ఎరువుది కాదు, పంచాంగముది. ఈ సంగతి మన అవ్వలకు చదువు రాకున్నను తెలియును.

ఇచట కొందరు తల్లిదండ్రులు అడుగుదురు: "మట్టి పిసుకుటకా బిడ్డను బడికి పంపినాము?" ఈ ప్రశ్నను చులకన చేయరాదు. జీవితమంతయు మట్టిలో కష్టపడినవారు బిడ్డకైన ఆ బాధ తప్పవలెనని కోరుట న్యాయమే. తోటపనిని శిక్షగా విధించు బడియున్నచో ఆ తప్పు తోటది కాదు, ఆ బడిది. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపని ద్వారా చదువు నేర్పవలెనన్నది కూలీలను తయారుచేయుటకు కాదు. చేయి చేయుచుండగా బుద్ధి వికసించునని. పదిమంది పిల్లలు వంతులవారీగా దినమునకు పావుగంట పనిచేసిన చాలును. ఎవరి చదువును చెడదు.

రెండవ ఆక్షేపణ సెలవులది. సెలవులలో తోట ఎండునని చెప్పి అసలు వేయనివారు కలరు. దీనికి ఉపాయము విత్తుకాలమున కలదు. జూన్‌లో బడి తెరవగనే బెండ విత్తినచో ఆగస్టు ప్రారంభమున కోత మొదలై త్రైమాసిక పరీక్షలనాటికి ముఖ్యమైన కాపు ముగియును. తోటకూర, మెంతి, కొత్తిమీర నెలలోపల కోతకు వచ్చును గనుక రెండు సెలవుల నడుమ ఒక పంట తీయవచ్చును. పిల్లలు చేతులు కడుగు నీటిని కాలువ చేసి మడికి మళ్లించినచో నీటికొరతయు కొంత తీరును. 2019లో కేంద్ర మానవవనరుల అభివృద్ధి శాఖవారు బడులలో పోషకాహార తోటలకు మార్గదర్శకములు ప్రకటించినారు. కావున అనుమతి లేదను మాటయు చెల్లదు.

ఇక తెలుగు ఉపాధ్యాయునకు ఈ గోల ఏల యని అడుగవచ్చును. 1956లో భాషాప్రయుక్తముగా రాష్ట్రములు ఏర్పడినప్పుడును హోసూరు ప్రాంతము ఈ రాష్ట్రముననే నిలిచినది. 2006 నాటి చట్టముచే బడులలో తమిళము తప్పనిసరి పాఠ్యాంశమైనది. రాష్ట్రభాషను మన పిల్లలు చక్కగా నేర్వవలెను; అందు నాకు వివాదము లేదు. నా భయము వేరు. తెలుగు మన పిల్లలకు మార్కులు తెచ్చు పుస్తకభాషగా మాత్రమే మిగిలి, బెండకును బీరకును సంతలో ఒక పేరు, పరీక్షలో మరొక పేరు అగుచున్నది. దోర, పిందె, పాదు, మడి, పందిరి, పూత, కాపు అను మాటలను అర్థములు కంఠస్థము చేసి నేర్చిన బాలుడు పరీక్ష ముగిసిన మరునాడే మరచును. దోరకాయను తన చేతితో కోసినవాడు ఆ మాటను మరువడు. పెరటిచెట్టు మందుకు పనికిరాదని మనవారు ఎత్తిపొడుపుగా అన్నమాట మొక్కలకే కాదు, ఇంటిభాషకును తగిలినది. రెంటికిని చికిత్స ఒకచోటనే జరుగవలెను.

కావున నా మనవి మూడు మాటలు. ఒకటి: ప్రతి తరగతికి ఒక మడియు, ఒక తోటపుస్తకమును ఉండవలెను. విత్తిన తేది, పూచిన తేది, కోసిన బరువు, కనబడిన తెగులు, చేసిన చికిత్స, దాని ఫలితము, ఇవన్నియు పిల్లలే తెలుగులో వ్రాయవలెను. ఇంతకంటె మంచి వ్యాసరచన అభ్యాసము నాకు తెలియదు. రెండు: మాట తెలియనిచో నిఘంటువుకంటె ముందు ఇంటిలోని అవ్వను, తాతను అడిగి వ్రాయవలెను. మూడు: కోసిన కూర బడి భోజనములోనికే పోవలెను, పండించినవారు తినని పంట పాఠము కాదు.

విద్యార్థులారా! ప్రతి మడిలోను మంచి మొక్కను ఒకదానిని ఏర్పరచి, దానిపై రెండు కాయలు కోయక విడువుడు. సంకరజాతి మొక్క కాకుండ నాటురకమైనచో ఆ కాయలు ఎండి వచ్చు విత్తనము మీ తరువాతి తరగతివారికి అందును. మీరు కోసిన కాయలు మీ పూట గడుపును. మీరు విడిచిన కాయలు రాబోవు సంవత్సరము బడిని నడుపును.