పబ్బు అంటే ముఖం చిట్లించే మనవాళ్ళకి

ఇంగ్లండులో పిల్లలున్న ఇళ్ళు మన బంధువర్గంలో ఇప్పుడు తక్కువేమీ కాదు. మదురై నుంచి, కోయంబత్తూరు నుంచి, హోసూరు నుంచి ఏటా ఎవరో ఒకరు ఆర్నెల్ల వీసా వేయించుకుని వెళ్తూనే ఉన్నారు. వెళ్ళి చేసేదేమిటి? లండన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్ గేటు ముందు ఫోటో, ఒకరోజు స్టోన్‌హెంజ్, ఒకరోజు లేక్ డిస్ట్రిక్ట్. కారు డిక్కీలో పులిహోర, దద్దోజనం, మురుకుల డబ్బా. రాత్రికి మోటర్‌వే పక్కన, ఎక్కడికెళ్ళినా ఒకేలా ఉండే కంపెనీ హోటల్లో పడక. తిరిగొచ్చి "ఇంగ్లండు మొత్తం చూసేశాం" అంటారు.

మీరు చూసింది ఇంగ్లండు రోడ్లు. ఊళ్ళు చూడలేదు. అక్కడ ఊరు చూడాలంటే ఆ ఊరి పబ్బులో ఒకపూట భోంచెయ్యాలి, వీలైతే ఒక రాత్రి పడుకోవాలి.

ఈ మాట అనగానే పెద్దమ్మలు చెవులు మూసుకుంటారని తెలుసు. "పబ్బా? సంసారులు వెళ్ళే చోటేనా అది?" అంటారు. వాళ్ళ తప్పు కాదు. మనకి తెలిసిన పబ్బు బెంగుళూరులో చీకటి గది, చెవులు పగిలే పాట. మనకి తెలిసిన మందు కొట్టు టాస్మాక్ కమ్ముల కిటికీ. ఆ రెంటినీ కలిపి ఇంగ్లండు పల్లెటూరి పబ్బు మీద రుద్దుతున్నాం. అది అన్యాయం.

పబ్బు అనేది పబ్లిక్ హౌస్ అన్న మాటకి పొట్టి పేరు. అంటే నలుగురి ఇల్లు. మధ్యాహ్నం పొలం పనివాడు, సాయంత్రం కుక్కని నడిపించుకుంటూ వచ్చే ముసలాయన, ఆదివారం మనవలతో సహా దిగే కుటుంబం, అందరూ కూర్చునే చోటు. ఇక "ఇన్" అన్న మాటకి ఇంగ్లీషు చట్టంలో ఇంకో బరువుంది. డబ్బు ఇచ్చుకోగలిగి, మర్యాదగా ఉన్న బాటసారి ఎవరొచ్చినా, చోటుంటే తిండీ పడకా ఇవ్వాలని పాత ధర్మం. 1956 నాటి హోటల్ యజమానుల చట్టం ఆ నిర్వచనాన్నే కాగితం మీద పెట్టింది. మందు అమ్మే చోట అడిగినవారికి కుళాయి నీళ్ళు ఊరికే ఇవ్వాలన్నది కూడా అక్కడ లైసెన్సు షరతే. చలివేంద్రం పెట్టిన వంశాల వాళ్ళం కదా, ఈ సంగతి మనకి నచ్చాలి.

"మేం తాగం" అంటారు. తాగమని ఎవరన్నారు? టీ ఉంటుంది, కాఫీ ఉంటుంది, అల్లం ఘాటున్న జింజర్ బీర్ ఉంటుంది. పేరులో బీరు ఉన్నా మామూలుగా దొరికేది మత్తులేని సీసానే, అయినా అడిగి తీసుకోండి. మీరు ఏం తాగుతున్నారని పక్క బల్లవాడు తొంగిచూడడు.

"మాకు తినడానికేముంటుంది?" ఇది రెండో మాట. ఆదివారం మధ్యాహ్నం రోస్ట్ అన్నది వాళ్ళ పండగ భోజనం. మాంసం తినేవాళ్ళకి కోడి, గొర్రె కూడా ఉంటాయి, గొడ్డు మాంసం ఒక్కటే కాదు. శాకాహారులకి కూరగాయలూ గింజలూ కలిపి కాల్చిన రోస్ట్ చాలాచోట్ల పెడతారు. కానీ గ్రేవీ మామూలుగా మాంసం రసంతో చేస్తారు, యార్క్‌షైర్ పుడ్డింగులో గుడ్డు ఉంటుంది, చిప్స్ ఒక్కోచోట చేపలు వేయించిన నూనెలోనే వేయిస్తారు. అడగండి. 2014 చివరినుంచి 14 రకాల పదార్థాల గురించి, అంటే గుడ్డు, పాలు, చేప, నువ్వులు వగైరా, అడిగితే చెప్పి తీరాలని చట్టం ఉంది. కాబట్టి ప్రశ్న వేస్తే విసుక్కోరు, వాళ్ళకి అలవాటే. మామూలు రోజుల్లో ప్లౌమన్స్ లంచ్ అని రొట్టె, జున్ను, ఉల్లిపాయ, ఊరగాయ పెడతారు. పక్కనే చట్నీ. ఆ పేరు మన దేశం నుంచి వెళ్ళిందే. రుచి చప్పగా ఉందంటారా, ఉంటుంది. ఒకపూట చప్పగా తింటే ఎవరికీ ఏమీ కాదు.

"మనల్ని ఎలా చూస్తారో" అన్నది మూడోది. దీన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. 1960లలో బర్మింగ్‌హామ్ పక్కన స్మెథిక్‌లో కొన్ని పబ్బులు మన దేశం వాళ్ళనీ నల్లవాళ్ళనీ కొన్ని గదుల్లోకి రానిచ్చేవి కావు. ఇండియన్ వర్కర్స్ అసోసియేషన్ దానిమీద పోరాడింది. 1965 ఫిబ్రవరిలో మాల్కమ్ ఎక్స్ ఆ ఊరికి వచ్చి చూశాడు. అదే ఏడు వచ్చిన జాతి సంబంధాల చట్టం పబ్బుల్లోనూ హోటళ్ళలోనూ అలాంటి వివక్ష కూడదంది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల పంజాబీలే పబ్బులు నడుపుతున్నారు. ఫౌండ్రీల్లో పనిచేసిన మనుషులు కొట్లాడి తెరిపించిన తలుపు అది. ఇవాళ ఉద్యోగాల్లో స్థిరపడిన మన పిల్లలూ, వాళ్ళని చూడ్డానికెళ్ళిన మనమూ "మనకెందుకులే" అని ఆ తలుపు ముందునుంచే కారు పోనిస్తే ఎలా?

అసలు తొందర ఎందుకంటే, ఆ తలుపులు మూతపడుతున్నాయి. 2022 నాటికి ఇంగ్లండు, వేల్స్ రెండింటిలో కలిపి పబ్బుల లెక్క 40,000 కిందికి దిగింది. సూపర్ మార్కెట్‌లో కొన్న కూరగాయలకీ రొట్టెకీ వ్యాట్ లేదు, పబ్బులో వండిపెట్టిన భోజనానికి 20 శాతం. సీసా మందు బజార్లో చవక. పైగా పాత కట్టడాన్ని ఇల్లుగా మార్చి అమ్మితే వ్యాపారం కంటే ఎక్కువ గిట్టే చోట్లున్నాయి. బస్సూ, పోస్టాఫీసూ ఎప్పుడో పోయిన పల్లెలో చివరి దీపం పబ్బే. అదీ ఆరితే ఆ ఊళ్ళో కొత్తమనిషి తట్టగలిగే తలుపు ఉండదు.

ఆ దీపం విలువ ఏమిటో 2021 నవంబరులో తెలిసింది. యార్క్‌షైర్ కొండల్లో, 528 మీటర్ల ఎత్తున, టాన్ హిల్ ఇన్ అని ఉంది. బ్రిటన్‌లోకెల్లా ఎత్తైన పబ్బు అది. ఒక రాత్రి పాట కచేరీకి వచ్చిన జనం తుపాను మంచులో ఇరుక్కుపోయారు. సుమారు 60 మంది మూడు రాత్రులు అక్కడే తిన్నారు, నేలమీద పక్కలేసుకుని పడుకున్నారు. కంబ్రియాలో హెస్కెట్ న్యూమార్కెట్ ఊరివాళ్ళయితే 2003లో డబ్బులు పోగేసుకుని తమ ఓల్డ్ క్రౌన్ పబ్బుని తామే కొనుక్కున్నారు. 2011 నాటి చట్టం తర్వాత ఇలా కొనుక్కోవడానికి ఊళ్ళకి గడువు అడిగే హక్కు కూడా వచ్చింది.

"వాళ్ళ ఊరి సంగతి మనకెందుకు" అనే చిన్నాయనలకి ఒకటే జవాబు. మదురై రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న సత్రం ఎవరి పేరున ఉంది? మంగమ్మ రాణి పేరున. మనవడి తరఫున రాజ్యం నడిపిన ఆ నాయకుల ఇంటి ఆడకూతురు బాటసారులకి దారులూ సత్రాలూ వేయించిందని ఈ ఊళ్ళో చిన్నపిల్లలు కూడా చెప్తారు. అంతకు ముందే ఓరుగల్లులో రూకకి భోజనం పెట్టే పూటకూళ్ళ ఇల్లు ఉందని క్రీడాభిరామం చెప్తుంది. ఊరు మారిన మన తాతముత్తాతలు మొదటి రాత్రి ఎక్కడ తలవాల్చారు? ఇలాంటి గడపల్లోనే. కొత్తమనిషికి అన్నం పెట్టే ఇల్లు ఏ దేశంలో ఉన్నా మనం దాని పక్షాన ఉండాలి. మన సత్రాలు కల్యాణ మండపాలైపోతుంటే చూస్తూ ఊరుకున్నాం. కనీసం అక్కడైనా ఇంకా బతికున్నవాటిని పలకరిద్దాం.

కనుక ఈసారి వెళ్ళేవాళ్ళు రెండు వారాల్లో రెండు రాత్రులు పక్కకి పెట్టండి. గదుల అద్దె అన్నిచోట్లా చవకేం కాదు, అయితే పొద్దుటి ఫలహారం చాలాచోట్ల అందులోనే కలిసి ఉంటుంది. పాత కట్టడాలు, మెట్లు నిటారుగా ఉంటాయి, లిఫ్టు ఉండదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు కింది గది ముందే అడగాలి. బారు మీది గదుల్లో రాత్రి పదకొండు దాకా సందడి వినిపించొచ్చు. ఆదివారం రోస్ట్‌కి ముందే చెప్పి ఉంచండి. వంటిల్లు మధ్యాహ్నం రెండున్నరకే కట్టెయ్యొచ్చు, ఆదివారం రాత్రి చాలాచోట్ల వంట ఉండదు. బల్ల దగ్గరికి ఎవరో వస్తారని కూర్చోకండి. బారు దగ్గరికెళ్ళి బల్ల నంబరు చెప్పి, చాలాచోట్ల డబ్బులు ముందే కట్టాలి. పులిహోర డబ్బా మాత్రం వాళ్ళ బల్లమీద విప్పకండి.

తలుపు మీద వేలాడే బొమ్మ గురించి అడగండి. తెల్ల దుప్పి అయితే అది రెండో రిచర్డు రాజు గుర్తు. ఓక్ చెట్టు అయితే 1651లో యుద్ధం ఓడి చెట్టెక్కి దాక్కున్న రెండో చార్లెస్ కథ. అడిగితే చెప్పేవాళ్ళు అక్కడే కూర్చుని ఉంటారు. వాళ్ళు "మీదే ఊరు" అని అడుగుతారు. మదురై అని చెప్పండి, తెలుగువాళ్ళం అని కూడా చెప్పండి. అదెలాగని అడిగితే మంగమ్మ రాణి కథ మొదలుపెట్టండి.