హార్లన్ కొండల ఓటు

అమెరికా ఎన్నికల మాట వచ్చినప్పుడల్లా మన పత్రికలు న్యూయార్క్ నగరాన్నో కాలిఫోర్నియానో చూపి ఊరుకుంటాయి. రిపబ్లికన్ పార్టీకి కంచుకోటలైన పల్లె సీమలను తొంగిచూసేవారు తక్కువ. అట్టి సీమలలో ఒకటైన కెంటకీ రాష్ట్రపు 5వ కాంగ్రెస్ నియోజకవర్గాన్ని గురించి ఈ సంచికలో ప్రస్తావించదలచాము. ఒకప్పుడది కార్మికులు రక్తం ధారపోసిన గడ్డ కావడమే ఇందుకు కారణం.

అపలాచియన్ కొండల నడుమనున్న ఈ నియోజకవర్గ జనాభా దాదాపు 7.5 లక్షలు. నూటికి 90 మందికి పైగా శ్వేతజాతీయులే. అధిక సంఖ్యాకులు వాగుల వెంబడి చిన్న చిన్న ఊళ్ళలో నివసిస్తారు. కుటుంబాదాయంలో దేశం మొత్తం మీద అట్టడుగున ఉన్న నియోజకవర్గాలలో ఇదొకటి. 1964 ఏప్రిల్‌లో అధ్యక్షుడు జాన్సన్ ‘దారిద్ర్యంపై యుద్ధం’ పేరిట పర్యటించినది ఇక్కడి మార్టిన్ కౌంటీలోనే. 1981 జనవరి నుండి హాల్ రోజర్స్ అనే రిపబ్లికన్ నాయకుడే వరుసగా ఎన్నికవుతూ వచ్చారు. 2024లో ఆయనపై పోటీకి డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థినే నిలుపలేదు. 2016లోను, 2020లోను ట్రంప్‌కు ఇచట నూటికి 80 వరకు ఓట్లు పడ్డాయి.

ఇదంతా అనాదిగా వస్తున్నదని భ్రమించరాదు. పడమటి కౌంటీలు 1861-65 నాటి అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన నిలిచి, నాటినుండి రిపబ్లికన్లకే ఓటు వేస్తున్న మాట నిజమే. కాని తూర్పున బొగ్గు కౌంటీలలో అధిక భాగం డెమొక్రాట్లవి. 1949 నుండి 1984లో మరణించేవరకు ఆ ప్రాంతం నుండి ఎన్నికైన కార్ల్ పెర్కిన్స్, ప్రతినిధుల సభలో విద్యా, కార్మిక సంఘానికి 17 సంవత్సరాలు అధ్యక్షత వహించారు. ఎలియట్ కౌంటీ అయితే 2012 వరకు ఏ అధ్యక్ష ఎన్నికలోను రిపబ్లికన్‌కు ఆధిక్యం ఇచ్చి ఎరుగదు. 2016లో అదీ మారిపోయింది.

మారినదేమిటి? హార్లన్ కౌంటీలో 1931 మే నెలలో ఎవార్ట్స్ వద్ద గని కార్మికులకు, కంపెనీ సాయుధులకు మధ్య కాల్పులు జరిగాయి. అదే కౌంటీలోని బ్రూక్‌సైడ్ గనిలో 1973లో మొదలైన సమ్మె 13 నెలలు సాగి, ఒక యువ కార్మికుని ప్రాణాన్ని బలిగొని, 1974 ఆగస్టులో యూనియన్ ఒప్పందంతో ముగిసింది. ఆ మే నెలలోనే మన రైల్వే కార్మికులు 20 రోజుల చారిత్రాత్మక సమ్మె నడిపిన సంగతి పాఠకులకు చెప్పనవసరం లేదు.

యూనియన్ క్షీణతకు యాజమాన్యాల దాష్టీకం ఒక్కటే కారణమని మేమనము. 1950 ఒప్పందంతో గని కార్మికుల యూనియన్ నాయకత్వం యాంత్రీకరణకు సమ్మతించింది; పని పోయినవారికి దారి చూపలేదు. 1956లో హార్లన్, హజార్డ్, వైట్స్‌బర్గ్ తదితర చోట్ల సంక్షేమ నిధితో తెరచిన ఆసుపత్రులను పదేళ్ళు తిరగకుండానే వదులుకోవలసి వచ్చింది. 1940ల చివర రాష్ట్రంలో 75 వేల వరకు ఉన్న గని కార్మికులు నేడు 5 వేలకు అటూ ఇటూ. 2015 నాటికి కెంటకీలో పనిచేస్తున్న యూనియన్ గని ఒక్కటీ మిగలలేదు. చౌకగా దొరికిన సహజవాయువు బొగ్గును దెబ్బతీయగా, వాషింగ్టన్ ప్రభుత్వమే ‘బొగ్గుపై యుద్ధం’ చేస్తున్నదని కంపెనీలు ప్రచారం చేశాయి. కాదని చెప్పే శాఖా కార్యదర్శి ఆ ఊళ్ళలో అప్పటికే లేడు.

వీరు తమ కడుపు తామే కొట్టుకునే మూఢులని నగరాల మేధావులు ఎగతాళి చేస్తారు. మేము ఏకీభవించము. రోజర్స్ 2011 నుండి ఆరేళ్ళు సభ కేటాయింపుల సంఘానికి అధ్యక్షులు. రోడ్లు, ఫెడరల్ జైళ్ళు తెచ్చిన ఘనత ఆయనకు చెప్పుకుంటారు. ఉద్యోగమిచ్చే గని పోయి, ఉద్యోగమిచ్చే జైలు వచ్చింది. అది కూడా కొన్నిచోట్ల తవ్వి వదలిన గని నేల మీదనే. మరొకవైపు 2014లో మెడికెయిడ్ వైద్య సహాయాన్ని విస్తరించగా, వేలాది కుటుంబాలకు తొలిసారి బీమా దక్కింది. 2025 జూలై చట్టం ఆ సహాయానికి కోత పెట్టి, నెలకు 80 గంటల పని షరతును 2027 ఆరంభానికల్లా అమలు చేయాలని నిర్దేశించింది. పనే లేని కొండలలో ఈ గంటలు ఎక్కడ దొరుకుతాయో చట్టం చెప్పదు. రోజర్స్ దానికి అనుకూలంగా ఓటు వేశారు.

అయినా ఆ ఓటు రాతిపై చెక్కినది కాదు. 2022 జూలై వరదలలో నలభైమందికి పైగా మరణించిన తరువాత, 2023 గవర్నర్ ఎన్నికలో లెచర్, పెర్రీ కౌంటీలు డెమొక్రాట్ అయిన ఆండీ బెషీర్‌కే ఆధిక్యమిచ్చాయి.

2019 జూలైలో దివాలా తీసిన బ్లాక్‌జ్యూయల్ కంపెనీ ఇచ్చిన జీతపు చెక్కులు చెల్లలేదు. హార్లన్ కౌంటీలోని కంబర్లాండ్ వద్ద కార్మికులు కుటుంబాలతో సహా రైలు పట్టాలపై బైఠాయించి, తాము తవ్విన బొగ్గుతో నిండిన బండిని నిలిపివేశారు. ఆ గనులలో యూనియన్ లేదు. ఏ నాయకుడూ పిలుపు ఇవ్వలేదు. పట్టాల పక్క గుడారాలు దాదాపు రెండు నెలలు నిలిచాయి. అక్టోబరులో బకాయిల చెల్లింపుకు ఒప్పందం కుదిరింది.