పుట్టుమచ్చల శాస్త్రం శాస్త్రమేనా?

అరికాలిలో పుట్టుమచ్చ ఉంటే ప్రయాణ యోగమట. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని తెలుగు వాళ్ళ నోట ఈ మాట నేను చాలాసార్లు విన్నాను. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగాల కోసం వచ్చిన కుటుంబాలు పంచాంగాన్ని కూడా వెంట తెచ్చుకున్నాయి. ఇక్కడ గార్డులు, డ్రైవర్లు రోజూ ప్రయాణం చేస్తారు. వాళ్ళందరి అరికాళ్ళలోనూ మచ్చలున్నాయా? ఎవరైనా లెక్కపెట్టారా? లెక్కపెట్టకుండా చెప్పేది శాస్త్రం ఎలా అవుతుంది?

"నమ్మితే నీకేం నష్టం?" అని నన్ను అడుగుతారు. నష్టం ఉంది. మెలనోమా అనే చర్మ కాన్సర్ మన రంగు వాళ్ళకి అరుదు. కానీ అస్సలు రాదనడం అబద్ధం. వస్తే ఎక్కువగా ఎండ తగలని అరికాలిలోనో, అరచేతిలోనో, గోరు కిందో వస్తుంది. జమైకా గాయకుడు బాబ్ మార్లేకి 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది ఇదే. వేలు తీసేయడానికి ఆయన ఒప్పుకోలేదు. 1981లో, 36 ఏళ్ళకే చనిపోయాడు. పెరుగుతున్న మచ్చని చూసి యోగం అని మురిసిపోయేవాడు డాక్టర్ దగ్గరకి వెళ్తాడా?

చర్మం మీద గీతలు డాక్టర్లు కూడా చదువుతారు. అరికాలి చర్మం మీద పొలంలో లాగా గట్లు, చాళ్ళు ఉంటాయి. మామూలు మచ్చలో రంగు సాధారణంగా చాళ్ళలో ఉంటుంది, మెలనోమాలో గట్ల మీద ఉంటుంది. డెర్మోస్కోప్‌తో చూస్తే ఇది తెలుస్తుంది. జపాన్ డాక్టర్లు 700 పైగా మచ్చల్ని పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించారు. ఈ గుర్తు దాదాపు 86 శాతం మెలనోమాలలో కనిపించింది, మామూలు మచ్చల్లో సుమారు 1 శాతంలోనే కనిపించింది. మిగతా 14 శాతం మెలనోమాలు ఈ గుర్తుకి దొరకలేదని కూడా ఆ లెక్కే చెపుతోంది. ఏ జ్యోతిష్యుడైనా తన తప్పుల శాతం ఎప్పుడైనా చెప్పాడా?

ఇక పుండ్ల సంగతి. కంకర మీద నడిచే గాంగ్‌మన్ల కాళ్ళకి దెబ్బలు మామూలే. పుండు మానకపోతే విభూతి పెడతారు, లేదా ఎండబెడతారు. ఎండబెడితే త్వరగా మానుతుందనేది కూడా నమ్మకమే. 1962లో జార్జ్ వింటర్ పందుల మీద ప్రయోగం చేసి, తడి ఆరకుండా కప్పిన గాయం మీద కొత్త చర్మం సుమారు రెండు రెట్లు వేగంగా పెరుగుతుందని చూపించాడు. అయినా మానకపోతే? షుగర్ కావచ్చు, కుష్టు కావచ్చు, మెలనోమా కూడా కావచ్చు. మెలనోమా ఎప్పుడూ నల్లగానే ఉండదు, ఒక్కోసారి మామూలు పుండులాగే ఉంటుంది. కాలి మీద పుండు గానీ మచ్చ గానీ పెరుగుతున్నా, రక్తం కారుతున్నా, రెండు నెలలకి మానకపోయినా డాక్టర్‌కి చూపించాలి.

"కత్తి పెడితే కాన్సర్ పాకుతుంది" అనేది అన్నిటికన్నా ప్రమాదకరమైన మూఢనమ్మకం. ముక్క తీసి పరీక్ష చేస్తే మెలనోమా పాకదు. ఆలస్యం చేస్తే పాకుతుంది. మెలనోమా మందానికీ రోగి బతకడానికీ సంబంధం ఉందని 1970లో బ్రెస్లో కొలిచి చూపించాడు. ఒక మిల్లీమీటర్ లోపు ఉండగా తీసేస్తే చాలా ఎక్కువమంది బతుకుతారు.

పట్టాలో పగులుందేమోనని రైల్వే వాళ్ళు అల్ట్రాసోనిక్ పరీక్ష చేస్తారు. పట్టాకి ఎవరూ జాతకం చూడరు. మరి సొంత కాలికి ఎందుకు చూస్తారు?