ముందు ఇజాజత్, తర్వాతే సర్టిఫికెట్



పోయిన జుమా నమాజ్ అయ్యాక మా తుర్కయాంజాల్‌లో మసీదు మెట్ల మీద ఒక చాచా నన్ను ఆపారు. జేబులోంచి మడత పెట్టిన పాంప్లెట్ తీసి చేతిలో పెట్టారు. ఎథికల్ హ్యాకింగ్, బిగినర్స్ బ్యాచ్, 45 రోజులు, సర్టిఫికెట్ గ్యారంటీ, జాబ్ గ్యారంటీ. ఫీజు అరవై వేలు. మనవడు ఇబ్రహీంపట్నం దారిలోని ఒక కాలేజీలో డిగ్రీ మొదటి సంవత్సరం. "బేటా, మీ చాచీ గాజులు కుదువ పెడతానంటోంది. పెట్టొచ్చా?" అని అడిగారు.

వద్దన్నాను. పక్కనే నిలబడ్డ ఇంకొకాయన "సహీ చెప్పినవ్, హ్యాకింగ్ అంటేనే చోరీ, హరామ్ పని" అన్నారు. నేను వద్దన్నది అందుకు కాదు. మెట్ల మీద చెప్పడానికి టైమ్ చాలలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. ఆ చాచాకే కాదు, ఇలాంటి పాంప్లెట్ ఇంట్లో పెట్టుకుని సోచాయిస్తున్న ప్రతి అమ్మీకి, అబ్బాకి.

ముందు హరామ్ అన్న భాయీకి జవాబు. మీ దుకాణం తాళం గట్టిదో కాదో తెలుసుకోవాలని మీరే తాళాలు బాగుచేసే ఆయన్ని పిలిచారు. "తెరిచి చూడు, ఎక్కడ కమ్జోర్‌గా ఉందో చెప్పు, మజూరీ ఇస్తా" అన్నారు. అది చోరీయా? ఎథికల్ హ్యాకర్ చేసేది ఇదే. బ్యాంకు సర్వర్‌లో ఏ తలుపు తెరిచి ఉందో, ఆస్పత్రి కంప్యూటర్లో ఏ పాస్‌వర్డ్ కచ్చాగా ఉందో దొంగ కంటే ముందు కనిపెట్టి, రిపోర్టు రాసి మాలిక్‌కి ఇస్తాడు. ఇది హలాల్ రిజ్ఖ్. చోరీకి, దీనికి మధ్య ఉన్నది ఒక్కటే: ఇజాజత్.

ఇజాజత్ మనకి కొత్త మాట కాదు. సూరహ్ నూర్‌లో పరాయి ఇంట్లోకి ఇజాజత్ లేకుండా అడుగు పెట్టొద్దని హుకుం ఉంది. సూరహ్ హుజురాత్‌లో తజస్సుస్, అంటే ఇతరుల గుట్టు తవ్వడం, మనా. తలుపు కంతలోంచి తొంగిచూసిన మనిషి మీద రసూలుల్లాహ్ (స) ఎంత నారాజ్ అయ్యారో బుఖారీలో ఉంది. ఇజాజత్ అడగమని చెప్పిందే ఆ చూపు కోసమని ఆయన సమ్‌ఝాయించారు. "నేనేం తీస్కోలే భాయ్, ఊరికే చూసినా" అనే కుర్రాళ్ళకి ఇంతకు మించి జవాబు అవసరం లేదు.

మన దేశ కానూన్ కూడా ఇదే దారిలో ఉంది. ఐటీ చట్టం 2000లో సెక్షన్ 43 ప్రకారం మాలిక్ ఇజాజత్ లేకుండా కంప్యూటర్లోకి దూరితే నష్టపరిహారం కట్టాలి. అదే పని బద్‌నియ్యత్‌తో, మోసంతో చేస్తే సెక్షన్ 66: మూడేళ్ళ దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అంటే నియ్యత్ మంచిదైతే 66 నుంచి బయటపడొచ్చేమో గానీ, ఇజాజత్ లేకపోతే 43 వదలదు. పక్కింటి వైఫైలోకి దూరి దోస్తులకి చూపించుకోవడం, కాలేజీ మార్కుల సైటు తెరవబోవడం హునర్ కాదు, జుర్మ్.

2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్‌లోంచి జనం వివరాలు బయటికి పోయాయి. ఆ కేసులో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో అరెస్టు చేసింది 20 ఏళ్ళ కుర్రాణ్ణి, ఇంకా చదువుకుంటున్నవాణ్ణి. ఆ డేటాని 150 డాలర్లకి అమ్మకానికి పెట్టాడని పోలీసుల ఆరోపణ. తప్పొప్పులు అదాలత్ తేలుస్తుంది. మనం చూడాల్సింది ఆ వయసు. మన ఇళ్ళల్లో ఈ కోర్సులకి పోతున్న పిల్లల వయసూ అంతే.

మన పిల్లల విషయంలో ఖతరా ఇంకా ఎక్కువ. 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకెళ్ళిన మన నౌజవాన్లు అదాలత్‌లో బేకసూర్ అని తేలేసరికి వాళ్ళ చదువులు, నౌకరీలు బర్బాద్ అయ్యాయి. ఏ తప్పూ చేయనివాళ్ళ గతే అది. అలాంటప్పుడు ల్యాప్‌టాప్ నిండా హ్యాకింగ్ టూల్స్ పెట్టుకున్న మన పిల్లాడి చేతిలో రాతపూర్వకంగా ఇజాజత్ ఉండాలి. ఏ సిస్టమ్, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా, ఎంతవరకు పరీక్షించొచ్చు అన్నది కాగితం మీద ఉండాలి. ఈ పనిలో దాన్నే స్కోప్ అంటారు. అదే వాడికి ఢాల్.

మరి ఆ పాంప్లెట్ వాళ్ళు ఇది నేర్పుతారా? ఫోన్ చేశా. కానూన్ గురించి, ఇజాజత్ గురించి ఎన్ని క్లాసులని అడిగా. "అది పీడీఎఫ్ ఇస్తాం సార్" అన్నారు. సర్టిఫికెట్ ఎవరిది? "మాదే సార్, ఇంటర్నేషనల్ లెవెల్."

ధోకా ఇక్కడే. మార్కెట్లో పేరున్న సీఈహెచ్ సర్టిఫికెట్ ఇచ్చేది అమెరికాలోని ఈసీ-కౌన్సిల్. 125 ప్రశ్నలు, 4 గంటల పరీక్ష. అది రాయాలంటే వాళ్ళు ఒప్పుకున్న ట్రైనింగ్ తీసుకోవాలి, లేదా సెక్యూరిటీ పనిలో రెండేళ్ళ తజురుబా చూపించాలి. "సీఈహెచ్ సిలబస్ చెప్తాం" అన్నంత మాత్రాన ఆ సర్టిఫికెట్ రాదు. పైగా ఆ పరీక్ష నాలుగు జవాబుల్లోంచి ఒకటి ఎంచుకునేది. చేతిపని చూడ్డానికి 6 గంటల ప్రాక్టికల్ పరీక్ష వేరే ఉంది. ఓఎస్సీపీ అయితే దాదాపు 24 గంటలు ల్యాబ్‌లో పనిచేసి, ఆ తర్వాత రిపోర్టు రాయాలి. 45 రోజుల బిగినర్ కాగితానికి, వీటికి ఏం పోలిక?

ఐపీ అడ్రస్ అంటే ఏంటో, పోర్ట్ అంటే ఏంటో తెలియని పిల్లాడికి ఎన్‌మ్యాప్ నేర్పడమంటే ఖాయిదా చదవని పిల్లాణ్ణి నేరుగా హిఫ్జ్‌లో కూర్చోబెట్టడమే. ముందు నెట్‌వర్కింగ్, లినక్స్, కొంచెం పైథాన్ రావాలి. వీటికి గాజులు అక్కర్లేదు. కాలీ లినక్స్, ఎన్‌మ్యాప్, వైర్‌షార్క్ అన్నీ ముఫ్త్. ఐఐటీ ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ చెప్పిన 12 వారాల ఎథికల్ హ్యాకింగ్ కోర్సు ఎన్‌పీటెల్‌లో ముఫ్త్‌గా వినొచ్చు. పోర్ట్‌స్విగ్గర్ వాళ్ళ వెబ్ సెక్యూరిటీ అకాడమీలో పగలగొట్టి నేర్చుకోవడానికే కట్టిన సైట్లు ఉన్నాయి. అక్కడ ఇజాజత్ వాళ్ళే ఇచ్చారు.

ఇంట్లో చదువు సాగదు, ఇంగ్లీషు ఇబ్బంది, పక్కన ఉస్తాద్ ఉంటేనే కుదురుతుంది అనే పిల్లలున్నారు. మానుతా. వాళ్ళని కోర్సుకి పంపండి. కానీ ఫీజు కట్టే ముందు నాలుగు సవాళ్ళు అడగండి. సర్టిఫికెట్ ఎవరి పేరు మీద వస్తుంది? ఉస్తాద్ ఎక్కడ, ఎన్నేళ్ళు ఈ పని చేశాడు? రోజూ ల్యాబ్ ఉందా, వీడియోలేనా? కానూన్ ఎన్ని గంటలు చెప్తారు? వీటికి సీదాగా జవాబివ్వనివాడు జాబ్ గ్యారంటీ అంటే లేచి వచ్చేయండి. ఇంకో మాట, బేటాకి పెట్టే ఈ ఖర్చు బేటీకీ పెట్టండి. ఇది ఇంట్లో కూర్చుని నేర్చుకోగలిగే ఇల్మ్.

కసూర్ అంతా పాంప్లెట్ వాళ్ళదే అనను. గోడకి తగిలించడానికి కాగితం కావాలని ఉబలాటపడేది మనమే. మన బుజుర్గుల రివాజ్ ఇది కాదు. షాగిర్ద్ కితాబ్ మొత్తం ఉస్తాద్ ముందు చదివి వినిపించాక, తప్పులు దిద్దుకున్నాక, ఉస్తాద్ తృప్తి పడితే సనద్ ఇచ్చేవాడు. ఆ సనద్‌కి ఇంకో పేరేంటో తెలుసా? ఇజాజత్. నీ దగ్గర ఇల్మ్ ఉంది, ఇక నువ్వు ఇతరులకి చెప్పొచ్చని ఉస్తాద్ ఇచ్చే అనుమతి. అమ్ముకునేది కాదు, కొనుక్కునేది కాదు.

చాచాకి చివరికి చెప్పింది ఇది: చాచీ గాజులు ఆమె చేతికే ఉండనివ్వండి. ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ చూద్దాం. ఆరు నెలలు మెహనత్ చేయనివ్వండి. అప్పటికీ షౌఖ్ నిలిస్తే మంచి కోర్సు నేనే వెతికిపెడతా. వచ్చే జుమాకి మనవణ్ణి తీసుకొస్తానన్నారు. మొదటి సబక్ ఇజాజత్ మీదే, ఇన్షాఅల్లాహ్.