సమ్మెలు – పత్రికా వ్యాఖ్యాతలు

ప్రభుత్వోద్యోగులు సమ్మె కట్టినంతనే పత్రికా వ్యాఖ్యాతలకు ప్రజలపై ఎక్కడ లేని జాలి పుట్టును. ప్రయాణికుల ఇక్కట్లు, ఖజానా నష్టము పేరాలకొలది వర్ణింతురు. సమ్మెకారుల కోరికలను ఒక్క పంక్తిలో ముగింతురు.

ఇక్కట్లు అబద్ధమని మేమనము. కాని సగము చెప్పినది నిజము కాదు. 1974 మే 8 నుండి 27 వరకు రైల్వే సమ్మె జరిగినది. బోనసు అందొక ముఖ్యమైన కోరిక. నాడు ప్రభుత్వము కాదన్న ఆ బోనసే 1979లో, ఉత్పాదకతతో ముడిపడి, కార్మికులకు లభించినది. కోరుట నేరమైనచో, పిదప ఇచ్చుటను ఏమనవలెను?

గుమాస్తా కొలువులలో తల నెరసిన మేము వారిని కోరునది ఒక్కటే: రైలు ఆగిన దినముతో కథ మొదలిడక, అంతకుముందు అర్జీలు ఎన్నేండ్లు బల్లలపై మ్రగ్గినవో అదియు వ్రాయుడు. ఖరగ్‌పూరు, ఖుర్దారోడ్డు వంటి చోట్ల రైలు కొలువు నమ్మి స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు.